కారు రూపము – కారణము

2005లో జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ కర్మాగారము విశాఖపట్నమునకు వచ్చునని ఆశించితిమి. అది పుణె చెంతనున్న చాకణ్‌లో వెలసి, 2009లో ప్రారంభమైనది. కర్మాగారము రాకున్నను, ఆ కార్ల రూపచరిత్ర మనకు మంచి పాఠమే.

1938 నాటి ‘బీటిల్’ పురుగు వీపువలె గుండ్రనిది. దాని ఇంజను వెనుక నుండెను; గాలియే దానిని చల్లార్చెడిది. ముందు రేడియేటరు లేనందున ముక్కు వాలుగా దిగినది. 1974లో ఇటలీ రూపశిల్పి జుజారో ‘గోల్ఫ్’ను పెట్టెవలె కోణములతో దిద్దెను. నీటితో చల్లబడు ఇంజను ముందుభాగమున అడ్డముగా అమరినది. చిన్న కారులోనే మనుషులకు, సామానుకు చోటు పెరిగినది. చమురు పొదుపునకై గాలి నిరోధమును తగ్గింపవలసి వచ్చి, 1983 నాటి రెండవ గోల్ఫులో అంచులు నునుపుదేరినవి. నేటి విద్యుత్ కారు ‘ఐ.డి.3’లో మోటారు మరల వెనుకకే చేరినది.

విద్యార్థులారా! కారు అందమును చూచి ఊరకుండకుడు. ఆ వంపు ఎందుకని ప్రశ్నింపుడు. అట్లు ప్రశ్నించువారున్న ఊరికి కర్మాగారములు నేడు కాకున్న రేపైనను రాగలవు.