చిట్టాలో లేని హింస

ద్వారకా తిరుమలకు ఆగ్నేయమున, తాడేపల్లిగూడెము ప్రాంతమున, పడమర విప్పర్రు అను పల్లె కలదు. ఆ యూరి పసల కృష్ణమూర్తిగారును, ఆయన భార్య అంజలక్ష్మిగారును శాసనోల్లంఘన దినములలో చెఱసాల కేగిరి. అంజలక్ష్మిగారు అప్పుడు గర్భవతి. బిడ్డ చెఱసాలలోనే జన్మించెను. కృష్ణభారతి యని పేరిడిరి. 2022 జూలై 4వ తేదీన భీమవరమున అల్లూరి సీతారామరాజు విగ్రహము నావిష్కరించిన నాడు, దేశ ప్రధానమంత్రి తొంబదేండ్ల యా కృష్ణభారతిగారి పాదములకు మ్రొక్కెను. ఆ వార్త విని మాకును కన్నులు చెమ్మగిల్లినవి.

ఇట్టి కథలు చెప్పుకొనుట మన కిష్టము. ఏలయన నందు దోషి పరాయివాడు. దువ్వూరి సుబ్బమ్మగారికి 1922లో ఏడాది శిక్ష పడెను. క్షమాపణ చెప్పిన విడుతుమన్నను ఆమె చెప్పలేదు. దుర్గాబాయమ్మగారిని మధుర చెఱసాలలో హంతకురాండ్ర కొట్ల చెంత ఒంటరిగా నుంచిరి. ఇవి మన మెఱుగుదుము. దొరతనమువారు చేసిన హింసకు తీర్పు కలదు, తేదీ కలదు, చెఱసాల చిట్టా కలదు. కాని సుబ్బమ్మగారు బాలవితంతువు. అట్టి స్త్రీ వేదిక యెక్కి పురుషుల నడుమ ప్రసంగించినపుడు అరుగులమీద ఏమనుకొనిరో, వీథిని నడచుచుండగా వెనుకనుండి ఏ మాట విసరిరో, అది యే చిట్టా కెక్కును? అనినవారు మన తాతలు. చరిత్ర వ్రాసినవారును వారే.

రాజ్యాంగపు 73వ సవరణ 1993లో అమలులోనికి వచ్చి పంచాయతీలలో మూడవవంతు స్థానములను స్త్రీలకు కేటాయించెను. పిమ్మట మన రాష్ట్రమున నది సగమైనది. కుర్చీలో మాత్రము పెక్కుచోట్ల భర్తయో మఱదియో కూర్చుండును. తానే కూర్చుండెద ననిన స్త్రీకి అప్పుడు మొదలగును వేధింపు. పురుషుని విమర్శించువారు అతని లెక్కలను పట్టుకొందురు; స్త్రీని విమర్శించువారు ఆమె శీలమును పట్టుకొందురు. ఇది మన యొక్కరి రోగమే కాదు. 2016లో అంతర పార్లమెంటరీ సంఘమువారు 39 దేశములలోని 55 మంది శాసనసభ్యురాండ్ర నడుగగా, నూటికి 80 మందికి పైగా మానసికహింస కలిగినదనిరి. బొలీవియాలో హువానా కిస్పె యను స్థానికసభ సభ్యురాలిని 2012లో చంపిన పిమ్మట గాని అచట నిట్టి హింసకు శిక్ష విధించు శాసనము రాలేదు.

మా యొద్ద చదివిన యొక యమ్మాయి పంచాయతీ సభ్యురాలయ్యెను. రోడ్డు పని లెక్క అడిగినందులకు ఆమె ఫొటోను మార్చి సెల్‌ఫోనులలో త్రిప్పిరి. ఒకనాటి సాయంకాలము ఆమె మా యింటికి వచ్చి రాజీనామా వ్రాసి యిమ్మని కోరెను. జరిగినది వ్రాయుదుమా యని యడిగితిమి.

"వద్దండి మేష్టారూ, పిల్లలున్నారు. సొంత పనుల వల్ల అని రాయండి."

మేము అట్లే వ్రాసితిమి. ఇంగ్లీషు, సంస్కృతము చదివిన చేతితో, చక్కని దస్తూరితో.