కాందిశీకుడు

‘కాం దిశం?’ అంటే సంస్కృతంలో ‘ఏ దిక్కుకు?’ అని. ఎటు పోవాలో తెలియక ప్రాణభయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు.

రంగారెడ్డి జిల్లాలో ఈ మాట ఎక్కువగా భూవివాదాల్లో వినిపిస్తుంది. 1947 దేశ విభజనలో వలసపోయినవారి ఆస్తులు ‘కాందిశీకుల భూములు’. మనిషి గోడు పోయి సర్వే నంబరు మిగలడం బాధాకరం.

తెలుగువాళ్లూ కాందిశీకులయ్యారు. బర్మాలోని రంగూన్ రేవులో మన కూలీలను ‘కొరంగీలు’ అనేవారు, కోరంగి రేవు పేరుతో. 1930 మేలో వారి సమ్మె ముగిశాక, వారికి బదులు పెట్టుకున్న బర్మీయులను తీసేయడంతో మన కూలీలపై దాడులు చెలరేగాయి. జపాన్ దండయాత్రతో 1942లో లక్షలమంది భారతీయులు బర్మా నుంచి అడవులు దాటి నడిచొచ్చారు. చాకిరీకి ఓడల్లో తీసుకెళ్లిన బ్రిటిష్ సామ్రాజ్యం వారిని క్షేమంగా చేర్చలేదు. ఆ బాధ్యత దానిదే.

ఇప్పుడు అదే బర్మా నుంచి వచ్చిన రోహింగ్యాలు ఇదే జిల్లాలోని బాలాపూర్‌లో తలదాచుకుంటున్నారు. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం గుర్తించిన జాతుల్లో వారు లేరు.