రాగం రాసి ఉంది, తాళం లేదు

2016 మార్చి ఆఖరు వారం. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడ మీద రెండు గదులు. ముందు గదిలో మూడు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు. వెనక గదిలో చాప, రెండు దిండ్లు, పని ముగియని రాత్రుల కోసం. గంట పదకొండు దాటింది. నేనూ, నా దగ్గర పనిచేసే పలమనేరు తమ్ముడూ నల్లటి తెరకేసి చూస్తూ కూర్చున్నాం.

తెర మీద ఒకే మాట పడింది. ‘కిల్డ్’.

“అన్నా, మళ్లా చచ్చిపాయ. ఇంకో తూరి కొట్టేదా?”

“కొట్టు.”

కొట్టినాడు. రెండు నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మళ్లీ అదే మాట.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మేం సైటు కడుతున్నాం. తోతాపురి కాయ దిగే రోజుల్లో ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు రాత్రంతా బారులు తీరి ఉంటాయి. ఎండకు కాయ మెత్తబడే కొద్దీ రైతు గుండె జారిపోతుంది. ఏ రైతు ఏ రోజు కాయ తేవాలో ముందే టోకెన్ ఇస్తే ఆ వరస తప్పుతుంది. అదీ ఆ సైటు పని. మా ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడింది. అద్దెకు తీసుకున్న సర్వర్‌లో మాత్రం, ముందు సరంజామా దించుకునే మెట్టు దగ్గరే ప్రాణం వదులుతోంది. ఆ సరంజామా దించే పనిముట్టు పేరు కంపోజర్. పీహెచ్‌పీ భాషకు ప్యాకేజీ మేనేజర్.

ఆ రోజుకి కంపోజర్ ఇంకా ‘పూర్తి’ కాలేదు. నాలుగేళ్లుగా ఆల్ఫా, ఆ నెలలోనే బీటా. ఇది నాకెంత ఇబ్బంది తెచ్చిందో చెప్పాలి. ఫ్యాక్టరీ పెద్దాయన మనిషి మంచివాడే, అడిగే ప్రశ్న మాత్రం సూటిగా దిగుతుంది. ఒకరోజు మా తెర మీద పసుపుపచ్చ వరుస ఒకటి చూశాడు. ‘ఈ కంపోజర్ పాతబడింది, కొత్తది తెచ్చుకోండి’ అని అది అప్పుడప్పుడూ హెచ్చరిస్తుండేది.

“ఏందబ్బా అది?”

“ఇంకా తయారవుతా ఉండాది సార్, ఆల్ఫా అంటారు.”

“పూర్తిగానిదాన్ని మా ఫ్యాక్టరీకి ఎట్ల పెడ్తారు?”

నా దగ్గర జవాబు లేదు. ప్రపంచమంతా అదే వాడుతోందని చెప్పాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ పనిముట్టు పుట్టకముందు ఎలా ఉండేదో మా ఈడువాళ్లకు బాగా గుర్తు. పీడీఎఫ్ తయారుచేయాలన్నా, మెయిల్ పంపాలన్నా ఎవరో రాసిన కోడ్ తెచ్చుకోవాలి. జిప్ ఫైలు దించి, విప్పి, ఎఫ్‌టీపీలో సర్వర్‌కి ఎక్కించేవాళ్లం. ‘లైబ్రరీ’, ‘లైబ్రరీ కొత్తది’, ‘లైబ్రరీ అసలు కొత్తది’ అని ఫోల్డర్లు. ఏది ఎక్కడిదో, ఎప్పటిదో రాసిపెట్టిన వాళ్లు లేరు. పెయర్ అనే ఏర్పాటు 1999 నుంచీ ఉంది. కానీ అది మామూలుగా కోడ్‌ను మిషన్ మొత్తానికి ఒకేచోట పెట్టేది. ఒక సైటుకు పాత కోడ్, పక్క సైటుకు కొత్త కోడ్ కావాలంటే చిక్కే. ఒకే సర్వర్ మీద పది సైట్లు నడిపే మాలాంటి చిన్న ఊళ్ల వాళ్లకు అది ఒప్పలేదు.

2011లో ఇద్దరికి ఇంచుమించు ఒకే బాధ కలిగింది. నిల్స్ ఆడర్‌మాన్ పీహెచ్‌పీబీబీ అనే చర్చావేదికల సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాడు. దానికి అదనపు హంగులు సులువుగా తగిలించే దారి కావాలి. జోర్డి బొజ్జానో సిమ్ఫనీ ఫ్రేమ్‌వర్క్ వైపు మనిషి. అక్కడ ‘బండిల్స్’ అనే ముక్కలను తెచ్చి అతికించే దారి కావాలి. ఇద్దరి బాధకూ మందు ఒకటేనని తేలింది. ఏప్రిల్‌లో పని మొదలుపెట్టారు. రూబీ భాషలోని బండ్లర్ నుంచి, నోడ్ జేఎస్‌లోని ఎన్‌పీఎం నుంచి ఆలోచన తీసుకున్నారు. 2012 మార్చి 1న మొదటి ఆల్ఫా బయటికొచ్చింది.

ఇందులో అసలు కష్టం ఏమిటో మా తమ్ముడికి పెళ్లి పిలుపులతో చెప్పేవాణ్ని. పెద్ద మేనమామ వస్తే చిన్న మేనమామ రాడు. చిన్న మేనమామ లేకుంటే అత్త రాదు. అత్త లేకుంటే తలంబ్రాల పని ఆగుతుంది. అందరికీ సరిపడే జాబితా ఒకటి ఉందా, లేదా? పది మందితో అయితే కాగితం మీద తేల్చవచ్చు. వంద ప్యాకేజీలు, ఒక్కోదానికి పదుల కొద్దీ వెర్షన్లు, ఒక్కో వెర్షన్‌కు దాని సొంత షరతులు అంటే మనిషి బుర్ర చాలదు. గణితంలో దీన్ని శాట్ సమస్య అంటారు. ఔను, కాదు అనే జవాబులతో షరతులన్నీ తీర్చగలమా అని వెతకడం. ఓపెన్‌సూసే లినక్స్ వాళ్లు తమ లిబ్‌జిప్ అనే భాండారంలో దీనికి మంచి పద్ధతి కట్టి ఉన్నారు. కంపోజర్ దాన్ని పీహెచ్‌పీలోకి తిరగరాసుకుంది. ఒక లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి పుట్టిన లెక్క, మెలికలు తిరిగి వచ్చి చిత్తూరు మామిడి రైతు టోకెన్‌కు పనికొచ్చింది.

ఆ లెక్క నిదానంగా సాగేది. ఆదేశం కొట్టి టీ తాగి వచ్చేవాళ్లం. 2014 డిసెంబర్ మొదట్లో ఒక చిన్న మార్పు వచ్చింది. పీహెచ్‌పీలో వాడేసిన జ్ఞాపకాన్ని ఏరి పారేసే చీపురు ఒకటి తనంతట తానే తిరుగుతుంటుంది. కంపోజర్ లెక్క కట్టేటప్పుడు లక్షల కొద్దీ చిన్న చిన్న వస్తువుల్ని తయారుచేస్తుంది, అన్నీ చివరిదాకా కావలసినవే. చీపురు మాటిమాటికీ వచ్చి వంటశాలంతా వెతికేది, పారేయడానికి ఏమీ దొరక్క వట్టి చేతులతో పోయేది. లెక్క సాగినంతసేపూ ఆ చీపురును ఆపమన్నారు. రాసింది ఒక్క వరుస. చాలామందికి పట్టే సమయం సగానికి పైగా తగ్గిపోయింది. ఆ వార్త చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒక్క వరుసతో ఎన్ని ఊళ్లలో ఎన్ని గంటలు మిగిలాయో!

అయినా అప్పటికీ ఆల్ఫానే. 2012లో సిమ్ఫనీ దాని మీదికి మారింది. 2013లో లారావెల్ అనే మరో ఫ్రేమ్‌వర్క్ నాలుగో వెర్షన్ దాని మీదే నిలబడింది. పీహెచ్‌పీ రాసేవాళ్లలో అది వాడనివాడు అరుదైపోయాడు. కంపోజర్ కట్టినవాళ్లు మాత్రం 1.0 అనలేదు. బద్ధకమని తిట్టినవాళ్లున్నారు. నేనలా అనుకోను. వెర్షన్ అంకెల్లో మొదటి అంకె ఒక మాట ఇవ్వడం. ‘ఇక మీదట ఈ అంకె మారనంతవరకు మీరు రాసుకున్నదాన్ని మేం చెడగొట్టం’ అని. మాట తప్పడం ఇష్టంలేని మనిషి మాట ఇవ్వడానికి వెనకాడతాడు. సొంత పనులు చూసుకుంటూ, మిగిలిన వేళల్లో, ఊరూ పేరూ తెలియని లక్షలమంది కోసం చేస్తున్న పని అది. ఆ వెనకాటులో నాకు కనిపించింది బాధ్యతే.

ఆ మార్చిలోనే ఇంకో సంగతి జరిగింది. 22వ తేదీ మంగళవారం. జావాస్క్రిప్ట్ లోకంలో అజర్ కోచులు అనే ప్రోగ్రామర్, ఒక ప్యాకేజీ పేరు మీద వచ్చిన తగాదాలో మనసు విరిగి, తాను రాసినవన్నీ ఎన్‌పీఎం నుంచి తీసేశాడు. అందులో ‘లెఫ్ట్‌ప్యాడ్’ ఒకటి. పదకొండు వరుసల కోడ్. అక్షరాల ఎడమపక్క ఖాళీలు నింపడం తప్ప దానికి వేరే పని లేదు. దాని మీద ఆధారపడిన వేలాది ప్రాజెక్టులు ఉన్నఫళంగా కూలాయి. రెండు గంటలకు పైగా పట్టింది తిరిగి నిలబడటానికి. మాది పీహెచ్‌పీ కనుక మాకేమీ కాలేదు. కానీ ఊరట కలగలేదు. మా సరంజామా అయినా అంతే కదా. కంపోజర్ చూసుకునే ప్యాకేజిస్ట్ అనేది చిరునామాల పుస్తకం, అసలు సరుకు ఎక్కువగా గిట్‌హబ్‌లో, ఎవరెవరి ఇళ్లలోనో ఉంటుంది. ఏ ఇంటివాడైనా తలుపేసుకుంటే మనం వీధిలో నిలబడాల్సిందే.

అలాంటి గుబులుతో ఉన్న రోజుల్లోనే మా సర్వర్ ‘కిల్డ్’ అంటూ మొరాయించింది. వారం రోజులు గడిచినా తెగలేదు.

ఏప్రిల్ 4 సోమవారం. ఆ ఏడు ఫాల్గుణ బహుళ ద్వాదశి ఆ రోజే పడింది. 1503లో అన్నమయ్య స్వామిలో కలిసిన తిథి. తిరుపతి వాళ్లకు ఆ తిథి వచ్చిందంటే చెవులకు పండగ. సాయంత్రం పని మానేసి నేను అన్నమాచార్య కళామందిరం వైపు నడిచాను. లోపల ఒకావిడ పాడుతోంది. చిన్నప్పుడు మా అవ్వ పాడిన పాటే. మాటలవే, రాగం పేరూ అదే అన్నారు, నడక మాత్రం వేరు. మా అవ్వది ఊయల ఊపినట్టు ఉండేది, ఇది వడివడిగా సాగుతోంది.

పక్కన కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను. “ఏది అసలుది స్వామీ?”

“రాగిరేకుల మీద రాగం పేరు రాసినారు నాయనా, తాళం రాయలా. వరస రాయలా. ఎవురికి తోచినట్ల వాళ్లు కట్టుకున్నారు.”

తెలిసిన సంగతే, ఆ రోజు మాత్రం గుచ్చుకుంది. అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనలు పాడాడని చెబుతారు. తాళ్లపాక వారు వాటిని రాగిరేకుల మీదికి ఎక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తనా భాండాగారంలో దాచారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత, గత శతాబ్దంలో అవి మళ్లీ లోకం కంటపడ్డాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు పరిష్కరించారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కొత్తగా స్వరపరిచారు. చేతికందినవి పన్నెండు వేలకు పైచిలుకు. మాట నిలిచింది. రాగం పేరు నిలిచింది. ఆయన పాడిన ఆ ఒక్క వరస మాత్రం పోయింది. రాసిపెట్టలేదు గనుక.

తిరిగొచ్చేసరికి తమ్ముడు మెట్ల మీదే ఎదురొచ్చాడు.

“అన్నా, దొరికింది! మనం తాళం పంపలా!”

ఒక్క క్షణం వీడూ కళామందిరానికి వచ్చాడేమో అనుకున్నాను. వాడు చెప్పేది లాక్ ఫైలు గురించి.

కంపోజర్‌కు రెండు ఫైళ్లు. ఒకదాంట్లో మనకేం కావాలో మనం రాస్తాం. ‘మోనోలాగ్ అనే ప్యాకేజీ కావాలి, ఒకటో వరసలో ఏ వెర్షనైనా సరే’ అని. అది రాగం పేరు చెప్పడం. లెక్కంతా కట్టాక కంపోజర్ రెండో ఫైలు తానే రాస్తుంది. ఏ ప్యాకేజీ, సరిగ్గా ఏ వెర్షన్, ఆ కోడ్ ఏ మార్పు దగ్గరిదో గుర్తుసంఖ్యతో సహా. ఆ ఫైలు పేరే కంపోజర్ లాక్. మేం తెలివితక్కువగా దాన్ని పక్కన పెట్టేసి, మొదటి ఫైలు మాత్రమే సర్వర్‌కు పంపుతూ వచ్చాం. తాళం కనబడకపోతే కంపోజర్ ఏం చేస్తుంది? పెళ్లి పిలుపుల లెక్క మొదటినుంచీ కడుతుంది. మా చిన్న సర్వర్‌లో ఉన్నది 512 ఎంబీ జ్ఞాపకం. ఆ లెక్క దాంట్లో పట్టదు. ఊపిరాడక పోయేది. తాళం ఉంటే లెక్కే అక్కర్లేదు, రాసినవి రాసినట్టు దించుకుంటే చాలు. పైగా లెక్క కొత్తగా కడితే ఈ రోజు వచ్చే జవాబు, నెల కిందట మేం పరీక్షించిన జవాబు ఒకటి కాకపోవచ్చు. అంటే మా సైటు, మా అవ్వ పాట ఒకేలా తయారయ్యేవి.

ఆ రాత్రే తాళం పంపాం. ఈసారి ‘కిల్డ్’ రాలేదు. ప్యాకేజీల పేర్లు ఒకటొకటిగా దిగాయి. తమ్ముడు నోరు తెరిచి లెక్కపెడుతున్నాడు.

మరునాడు, ఏప్రిల్ 5 మంగళవారం, కంపోజర్ 1.0.0 విడుదలైంది. పని మొదలైన ఏప్రిల్ నుంచి సరిగ్గా అయిదేళ్లు. మేం చూసింది బుధవారం పొద్దున. దాన్ని తెచ్చుకునే ఆదేశం కొట్టాం. అది దిగి, తన పేరు చెప్పుకుంది. పక్కన ఆల్ఫా లేదు, బీటా లేదు. కొత్త హంగులేమైనా ఉన్నాయా అని తమ్ముడు వెతికాడు. పెద్దగా కనబడలేదు. నిన్నటి పనే ఈ రోజూ చేస్తోంది. కానీ ఈ రోజు దాని వెనక మాట ఉంది. ఆ మాట నిలబడింది కూడా. మొదటి అంకె రెండుగా మారింది 2020 అక్టోబర్ 24న, నాలుగున్నరేళ్ల తర్వాత. అప్పుడు కూడా పాత తాళాలను చదవగలిగేలాగే కట్టారు.

శుక్రవారం దుర్ముఖి నామ ఉగాది. పచ్చడి తిని, బస్సెక్కి చిత్తూరు పోయాం. పెద్దాయన ఆఫీసు గదిలో గోడ పక్కన బీరువా, అందులో ఏటికేడు తూకం పుస్తకాలు. తెర ఆయన వైపు తిప్పాం. చేతికి వచ్చిన మొదటి టోకెన్ తీసి చూపించాం.

“ఇప్పుడు పూర్తయిందంటారా?”

“అయింది సార్. ఆల్ఫా పోయింది. మొన్న మంగళవారమే ఒకటి అన్నారు.”

“మళ్లా రేపు ఏదో మార్చినామని మా కొంప ముంచరు గదా?”

తమ్ముడు లాక్ ఫైలు తెరిచి చూపించాడు. ఏది ఎంత, ఎక్కడిది, ఏ గుర్తు అన్నీ వరుసగా ఉన్నాయి. దీంట్లో రాసింది తప్ప ఇంకోటి లోపలికి రాదని చెప్పాడు. పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకెంతవరకు పట్టాయో తెలియదు.

“తూకం చీటీ మాదిరి,” అన్నాడు. “కాటా మీద బండి ఎక్కినాక చీటీలో ఏం పడితే అదే. రైతూ మార్చలేడు, నేనూ మార్చలేను.”

“అంతే సార్.”

“అట్లయితే ఆ చీటీ ఒకటి మా కాడ గూడా పెట్టండి.”

తమ్ముడు పెన్‌డ్రైవ్‌లో దాన్ని ఎక్కించి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని ఒక కవరులో వేసి, పైన ఆ రోజు తేదీ రాసి, బీరువాలో తూకం పుస్తకాల పక్కన పెట్టి తాళం వేశాడు.