బంగారు పూత పూసిన జావా

జావా అనగానే మీలో చాలామందికి నాన్నో, మావయ్యో నడిపిన బండి, వీధి మలుపులోనే వినిపించే ఆ డుగుడుగు చప్పుడు గుర్తొస్తాయి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి ఆ బళ్లు తయారుచేసింది. తర్వాత అవే యెజ్డీలయ్యాయి. అసలు ఆ పేరు చెకోస్లోవేకియాది. అదే పేరుతో వచ్చిన ఒక రేసు బండి కథ ఇది. ఇందులో అమెరికా ఉంది, వలస ఉంది, బంగారం కూడా ఉంది. కాబట్టి చివరిదాకా చదువుతారని నా నమ్మకం.

స్పీడ్‌వే అంటే గుండ్రటి మట్టి ట్రాక్ మీద నలుగురు నాలుగు చుట్లు తిరిగే పందెం. 500 సీసీ ఇంజను, ఒకటే గేరు. బ్రేకులు లేవు! నిజంగానే లేవు. ఎడమకే తిరుగుతారు, ఎడమ కాలికి ఉక్కు బూటు నేలకి ఆనించి బండిని జారనిస్తారు. పెట్రోలు బదులు మిథనాల్. పాత ఇంజన్లలో పోసే నూనెకి మూలం ఏమిటనుకున్నారు? మన ఆముదమే. పాత అభిమానులు ఇప్పటికీ ఆ వాసన గురించే చెప్పుకుంటారు.

ఈ ఆటలో అమెరికా చిన్నదేం కాదు. 1937లో లండన్ వెంబ్లీలో జరిగిన ప్రపంచ పోటీలో మొదటి మూడు స్థానాలూ అమెరికన్లవే: జాక్ మిల్న్, విల్బర్ లామరో, జాక్ తమ్ముడు కార్డీ మిల్న్. తర్వాత ఇక్కడ ఆట చల్లబడింది. 1969లో కాలిఫోర్నియా కోస్టా మేసాలో, ఆరెంజ్ కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో, హ్యారీ ఆక్స్‌లీ మళ్లీ మొదలుపెట్టాక జనం విరగబడ్డారు.

మరి అప్పటి బళ్లన్నీ ఏమైనట్టు? చిక్కు ఇక్కడే ఉంది. రోడ్డెక్కని బండికి నంబరు ప్లేటు ఉండదు, ఆర్‌సీ ఉండదు, ఇన్సూరెన్సు కాగితం ఉండదు. ఇంజను లండన్‌లోని జేఏపీ కంపెనీది, ఫ్రేము ఇంకెవరిదో. ఇంజను పాడైతే వేరేది పెట్టేవారు, ఫ్రేము వంగితే అదీ మార్చేవారు. పదేళ్లయ్యాక అది అదే బండా, వేరే బండా? చరిత్ర వెతికేవాళ్లకి చివరికి మిగిలేవి లోహం మీద కొట్టిన నంబర్లు, పాత ఫొటోలు, ఇంటివాళ్లు చెప్పే మాటలు.

అలా ముక్కలు కాకుండా నిలిచిన బండి ఒకటుంది. దాని మీద గెలిచినవాడు ఐవన్ మాగర్. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ కుర్రాడు. 1957లో, ఇంకా టీనేజ్‌లోనే, అంతే చిన్నదైన భార్య రేతో ఇంగ్లండ్ వెళ్లాడు. వింబుల్డన్ జట్టులో నిలదొక్కుకోలేక వెనక్కొచ్చాడు. 1963లో మళ్లీ వెళ్లి న్యూకాసిల్ తరఫున ఆడి నిలబడ్డాడు. రెండోసారి సామాను సర్దుకోవడం ఎంత కష్టమో మనకి ఒకరు చెప్పాలా? ఆ సర్దుడులో రే వంతు ఎంతో ఏ స్కోరు పుస్తకంలోనూ ఉండదు.

1968, 1969లలో అతను వరుసగా ప్రపంచ ఛాంపియన్. అప్పుడు జార్జ్ వెన్, రే బోకెల్మన్ అనే ఇద్దరు అమెరికన్లు మాటిచ్చారు: మూడోసారి కూడా గెలిస్తే నీ బండికి బంగారు పూత వేయిస్తాం అని. 1970లో పోలండ్‌లోని వ్రోట్సువాఫ్‌లో గెలిచాడు, జావా మీదే. వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. "ట్రిపుల్ క్రౌన్ స్పెషల్" అని పేరు. మాగర్ తర్వాత ఇంకో మూడుసార్లు, 1972, 1977, 1979లలో ఛాంపియన్ అయ్యాడు. 2018లో కన్నుమూశాడు.

నాకు ఇందులో నచ్చేది మెరుపు కాదు. మన ఇళ్లల్లో బంగారం నిలవదు. అమ్మమ్మ వడ్డాణం కరిగి అమ్మ గాజులవుతుంది, గాజులు కరిగి మనవరాలి నెక్లెస్ అవుతుంది. బరువు లెక్క మిగులుతుంది, వస్తువు పోతుంది. ఈ బండి విషయంలో తిరగబడింది. పూత పడ్డాక దాని ఇంజనో చక్రమో పీకి ఇంకో బండికి పెట్టే మనసు ఎవరికొస్తుంది? సాదా జావాలు మట్టిలో అరిగిపోతే, ఇది క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ మ్యూజియం చేరింది.

అమెరికాలో గరాజ్ సేల్స్‌కి వెళ్లే అలవాటున్నవాళ్లకి ఒక మాట. ఎక్కడైనా బ్రేకులు లేని, హెడ్‌లైటు లేని సన్నటి పాత బండి కనిపిస్తే, తుడిచి మెరిపించేలోపే ఇంజను మీద, ఫ్రేము మీద ఉన్న నంబర్లు ఫొటో తీయండి. తర్వాత ఆ ఇంటి పెద్దావిడని పిలిచి, ఎవరు నడిపేవారో, ఏ ఊళ్లోనో అడగండి. ఆవిడ దగ్గర తప్పకుండా ఒక ఫొటోల డబ్బా ఉంటుంది.