వేదిక మీద ఇథియోపియా, జాబితాలో లేని సూరత్

2025 మే 31 రాత్రి హైదరాబాద్‌లోని హైటెక్స్ ప్రాంగణంలో 72వ ప్రపంచ సుందరి పోటీ ముగిసింది. కిరీటం థాయ్‌లాండ్‌కు చెందిన ఓపల్ సుచాతాకు దక్కింది. ఆమె తరువాతి స్థానంలో నిలిచిన యువతి హాసెట్ డెరెజె అద్మాసు. ఆమె భుజం మీది పట్టీపై రాసి ఉన్న పేరు ఇథియోపియా. వందకు పైగా దేశాల ప్రతినిధుల నడుమ ఆఫ్రికా ఖండపు అతి ప్రాచీన నాగరికతల్లో ఒకదానికి ఆమె ప్రతినిధిగా నిలిచింది. సభ చప్పట్లు కొట్టింది, పత్రికలు ఫొటోలు వేశాయి. ఆమె ఎవరో నిరూపించుకోవలసిన అవసరం ఆ రాత్రి ఆమెకు కలగలేదు. ఆమె తరఫున ఆ పట్టీయే మాట్లాడింది.

ఇథియోపియాకు మరో పేరు అబిసీనియా. అరబ్బులు ఆ నేలను హబష్ అన్నారు. హబ్షీ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. ఆ మాట హైదరాబాద్‌కు కొత్తది కాదు. నగరంలో హబ్సిగూడ ఉంది. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది. ఆ రెండు అక్షరాలకు అసలు విస్తరణ ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానాధీశుల కొలువు నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన ఆఫ్రికా సంతతి అశ్వికులు అక్కడ స్థిరపడ్డారు. 1948 పోలీసు చర్య తరువాత ఆ దళం రద్దయింది. మనుషులు మాత్రం ఆ బస్తీలోనే మిగిలారు.

హాసెట్‌కు దాదాపు తొమ్మిది దశాబ్దాల ముందు, హబ్షీ వంశంతో ముడిపడిన మరో అందగత్తె హైదరాబాద్‌తో బంధం కలుపుకుంది. అప్పటికే ఆమె దేశమంతా ఎరిగిన ముఖం. అయితే ఆమె భుజం మీద ఏ దేశపు పట్టీ లేదు, ఆమెను ఆఫ్రికా బిడ్డగా ఎవరూ పరిచయం చేయలేదు. ఆమె పేరు జుబేదా, పుట్టిన ఊరు సూరత్. ఆమె కథను అర్థం చేసుకోవాలంటే సూరత్ చరిత్రలో హబ్షీల స్థానమేమిటో ముందుగా చూడాలి.

భారతదేశంలో ఆఫ్రికా సంతతి అనగానే బానిసత్వం ఒక్కటే గుర్తుకు రావడం సగం చరిత్ర మాత్రమే. అరబ్, పోర్చుగీసు వ్యాపారులు పశ్చిమ తీరపు రేవుల్లో ఆఫ్రికన్లను అమ్మిన మాట నిజం. అలా అమ్ముడైన వారిలో కొందరు సేనానులై రాజ్యాలను నడిపిన మాటా అంతే నిజం. అబిసీనియాలో పుట్టి చేతులు మారుతూ దక్కనుకు చేరిన మలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి రక్షకుడై, 1626లో మరణించే దాకా మొగలులను ఎదిరించాడు. అహ్మదాబాద్‌లో 1570ల నాటి సిదీ సయ్యద్ మసీదును కట్టించినవాడు హబ్షీ ప్రముఖుడే. ఆ మసీదు కిటికీలోని రాతి జాలీయే అహ్మదాబాద్ ఐఐఎం చిహ్నానికి మూలం. దేశపు కార్పొరేట్ నాయకత్వం గర్వంగా మోసే ఆ ముద్ర వెనుక హబ్షీ పేరు ఉందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

సూరత్‌లో సిద్దీల స్థానం మరింత స్పష్టమైనది. కొంకణ తీరంలో మురుద్ ఎదుట, సముద్రం నడుమ ఉన్న జంజీరా కోటను ఏలిన సిద్దీ నౌకాధిపతులను మొగల్ చక్రవర్తి ఔరంగజేబు తన నౌకాదళానికి అధిపతులుగా నియమించాడు. వారి జీతభత్యాలు సూరత్ రేవు ఆదాయం నుంచి చెల్లేవి. మక్కా యాత్రికుల ఓడలకూ, సూరత్ వర్తకానికీ వారే కాపలా. శివాజీ, శంభాజీ ఎన్ని యత్నాలు చేసినా జంజీరా లొంగలేదు. 18వ శతాబ్దంలో సూరత్ కోట సైతం కొంతకాలం సిద్దీల చేతిలో ఉంది. 1759లో ఈస్టిండియా కంపెనీ ఆ కోటను వశం చేసుకున్నప్పుడు, కోటతో పాటు మొగల్ నౌకాధిపత్యాన్ని కూడా సిద్దీ నుంచే తీసుకుంది. పశ్చిమ భారతంలో బ్రిటిష్ అధికారం వేళ్లూనుకున్న తొలి ఘట్టాల్లో ఎదుటి పక్షాన నిలిచినవాడు ఒక ఆఫ్రికా వంశీయుడు.

1791లో ఈ చరిత్ర మరో మలుపు తిరిగింది. జంజీరా గద్దె కోసం సాగిన వారసత్వ తగాదాలో ఓడిన అబ్దుల్ కరీం ఖాన్ పీష్వాను ఆశ్రయించాడు. జంజీరాపై తన హక్కును పీష్వాకు వదులుకుని, బదులుగా సూరత్‌కు దక్షిణాన ఉన్న కొన్ని గ్రామాలను పొందాడు. అదే సచిన్ సంస్థానం. ప్రజల్లో అత్యధికులు హిందువులు, పాలకుడు అబిసీనియా వంశపు ముస్లిం నవాబు. బ్రిటిష్ వారు 9 తుపాకుల వందనంతో గౌరవించిన ఈ చిన్న సంస్థానం 1948లో బొంబాయి రాష్ట్రంలో విలీనమై సూరత్ జిల్లాలో కలిసిపోయింది. ఒకటిన్నర శతాబ్దాల హబ్షీ పాలన అలా పెద్దగా అలికిడి లేకుండానే ముగిసింది.

ఈ సంస్థానం పేరు సినిమా చరిత్రలోకి ఫాత్మా బేగం ద్వారా ప్రవేశించింది. 1892లో పుట్టిన ఆమె ఉర్దూ నాటకరంగం నుంచి 1922లో ‘వీర అభిమన్యు’ మూకీతో వెండితెరకు వచ్చింది. 1926లో సొంత సంస్థను స్థాపించి ‘బుల్‌బుల్-ఎ-పరిస్తాన్’ తీసింది. భారతీయ సినిమాలో తొలి మహిళా దర్శకురాలు ఆమే. సుల్తానా, జుబేదా, షెహ్‌జాదీ ఆమె కూతుళ్లు. వారి తండ్రి సచిన్ నవాబు మూడవ ఇబ్రహీం మహమ్మద్ యాకూత్ ఖాన్ అని సినిమా చరిత్రలు చెబుతాయి. అయితే ఆ వివాహానికి గానీ, ఆ పిల్లలను నవాబు తన సంతానంగా అంగీకరించినట్లు గానీ ఆధారపత్రం లభించలేదు. ముస్లిం వ్యక్తిగత చట్టంలో పితృత్వానికి తండ్రి అంగీకారం కీలకం. లోకం మాత్రం వారిని నవాబు కూతుళ్లుగానే చెప్పుకుంది.

1911లో పుట్టిన జుబేదా పన్నెండు, పదమూడేళ్ల ప్రాయంలోనే తెరపైకి వచ్చింది. గౌరవనీయ కుటుంబాల ఆడపిల్లలకు సినిమా తగదని భావించిన రోజులవి. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటర్‌లో విడుదలైన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’లో ఆమె నాయిక. ఆర్దేషిర్ ఇరానీ తీసిన ఆ చిత్రంలో ఎల్.వి.ప్రసాద్ చిన్న పాత్ర ధరించారు. మరుసటి ఏడాది అదే ఇరానీ సంస్థ నుంచి హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. తెలుగు సినిమా నోరు విప్పిన నీడపట్టునే అంతకు ఏడాది ముందు జుబేదా గొంతు వినబడింది. ‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటి కూడా నేడు మిగల్లేదు. నిశ్చల చిత్రాల్లోని ఆమె ముఖమే మిగిలింది.

తరువాత ఆమె హైదరాబాద్‌కు చెందిన మహరాజ్ నర్సింగ్‌గిర్ ధన్‌రాజ్‌గిర్ జ్ఞాన్ బహదూర్‌ను వివాహమాడింది. ఆ కుటుంబపు జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్ తెలుగు పాఠకులకు గుంటూరు శేషేంద్ర శర్మ నివాసంగా పరిచయమే. జుబేదా 1988లో మరణించింది. ఆమెను గురించిన రాతల్లో ‘రాకుమారి’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది, ‘హబ్షీ’ అన్న మాట అరుదు. నవాబు అన్న బిరుదు ఆఫ్రికాను కప్పివేసింది. సంస్థానపు దర్జా పనికివచ్చింది, దాని పుట్టుక అక్కరలేకపోయింది.

ఆ దర్జా కూడా లేని సామాన్య సిద్దీల సంగతి వేరు. గుజరాత్‌లో వారు సౌరాష్ట్రలోనూ, దక్షిణాన భరూచ్, సూరత్ ప్రాంతాల్లోనూ ఉన్నారు. భరూచ్ జిల్లా రతన్‌పూర్‌లోని బావా గోర్ దర్గా వారందరికీ మూలస్థానం. గుజరాతీ మాట్లాడతారు, ధమాల్ నృత్యంలో ఆఫ్రికా తాళాన్ని నిలుపుకున్నారు. వంశం ఒకటి, దర్గా ఒకటి, నృత్యం ఒకటి. రాజ్యాంగం ప్రకారం మాత్రం వారు ఒకటి కాదు.

గుజరాత్ షెడ్యూల్డు తెగల జాబితాలో సిద్దీ అన్న పేరు పక్కన ఒక బ్రాకెట్ ఉంది. అందులో అమ్రేలీ, భావ్‌నగర్, జామ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్, సురేంద్రనగర్ జిల్లాలు ఉన్నాయి. భరూచ్ లేదు, సూరత్ లేదు. ఈ ఆరు జిల్లాల ప్రాంతంలో అధికభాగం 1948 నుంచి 1956 వరకు విడి రాష్ట్రంగా ఉన్న సౌరాష్ట్ర భూభాగంలోనిది. సూరత్, భరూచ్‌లు ఆనాడు బొంబాయి రాష్ట్రంలో ఉన్నాయి. ఆ రెండు రాష్ట్రాలూ నేడు లేవు. వాటి సరిహద్దు మాత్రం చాలావరకు సిద్దీల బ్రాకెట్‌లో ఇప్పటికీ జీవిస్తోంది. ఇలాంటి ప్రాంతీయ ఆంక్షలను తొలగించే ఉద్దేశంతోనే 1976లో పార్లమెంటు సవరణ చట్టం తెచ్చింది. సిద్దీల విషయంలో ఆ గీత చెరగలేదు.

ఇతర రాష్ట్రాలను కలుపుకుంటే చిత్రం మరింత విడ్డూరం. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలకు ఎస్టీ హోదా 2003లో వచ్చింది. బెళగావి, ధార్వాడ సిద్దీలు 2020 సవరణ దాకా ఎదురుచూశారు. తెలంగాణ ఎస్టీ జాబితాలో సిద్దీ అన్న పేరే లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో తెచ్చిన ముస్లిం రిజర్వేషన్ల చట్టం ప్రకారం వారు బీసీ-ఇ వర్గంలో ‘సిద్ది, యాబ, హబ్షి, జాసి’ పేర్లతో ఉన్నారు. జునాగఢ్‌లో గిరిజనుడు, హైదరాబాద్‌లో వెనుకబడిన ముస్లిం, సూరత్‌లో ఎస్టీ జాబితాకు బయటివాడు. సముద్రం దాటి వచ్చిన పూర్వీకుడు ఏ రేవులో దిగాడన్నది కాదు, ఆ మనుమల ఊరి మీదుగా ఏ సరిహద్దు గీశారన్నది వారి హోదాను నిర్ణయిస్తోంది.

రాజ్యం వారి ఆఫ్రికా మూలాన్ని గుర్తించలేదనీ అనలేం. తనకు అవసరమైనప్పుడు గుర్తించింది. 1987లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ప్రత్యేక పథకం కింద సిద్దీ యువతను ఏరి శిక్షణకు తీసుకుంది. ఆఫ్రికా శరీరదారుఢ్యం ఒలింపిక్ పతకాలు తెస్తుందన్నది లెక్క. కొన్నేళ్లకే ఆ పథకం ఆగిపోయింది, శిక్షణలో ఉన్న పిల్లలు ఇళ్లకు చేరారు. పతకం ఆశించినంత సేపు ఆఫ్రికా రక్తం దేశ సంపద. హక్కు అడిగినప్పుడు అదే రక్తానికి జిల్లా సరిహద్దు అడ్డం వచ్చింది.

మనిషి మూలాన్ని రాజ్యం ఎలా వాడుకుంటుందో అందాల పోటీల చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1970లో లండన్‌లో జరిగిన ప్రపంచ సుందరి పోటీకి వర్ణవివక్ష పాలనలోని దక్షిణాఫ్రికా నుంచి ఇద్దరు వచ్చారు. తెల్లజాతి యువతి పట్టీపై ‘సౌత్ ఆఫ్రికా’ అని ఉంది. నల్లజాతి వర్గానికి చెందిన పెర్ల్ జాన్సెన్ పట్టీపై ‘ఆఫ్రికా సౌత్’ అని ఉంది. ఒకే దేశం, అవే రెండు మాటలు, క్రమం తారుమారు. దేశం పేరు మోసే హక్కు ఒకరికి దక్కింది, దిక్కు పేరు మరొకరికి మిగిలింది. ఆ పోటీలో పెర్ల్ జాన్సెన్ రెండవ స్థానంలో నిలిచింది. గ్రెనడాకు చెందిన జెన్నిఫర్ హోస్టన్ కిరీటం ధరించింది.

55 ఏళ్ల తరువాత హైదరాబాద్‌లో అదే రెండవ స్థానంలో నిలిచిన హాసెట్‌కు ఆ అవమానం లేదు. ఆమె దేశం పేరు సరిగ్గానే రాసి ఉంది. అది ఆఫ్రికా సాధించుకున్న విజయం. కానీ ఆతిథ్యమిచ్చిన దేశం మాటేమిటి? హబష్ నుంచి అతిథి వస్తే స్వాగత తోరణాలు కట్టే వ్యవస్థ, హబష్ నుంచి శతాబ్దాల క్రితమే వచ్చి ఈ నేల మీద పుట్టి పెరిగిన వారి విషయంలో బ్రాకెట్‌లో కొన్ని జిల్లాల పేర్లు వెతుకుతుంది.

మార్పు అసాధ్యమేమీ కాదు. 2020లో శాంతారామ్ సిద్ది కర్ణాటక శాసనమండలికి నామినేట్ అయ్యారు. జాంబూర్‌కు చెందిన హీరాబాయి లోబీ 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఇవి వ్యక్తులకు దక్కిన గౌరవాలు. సమాజానికి దక్కవలసినది చట్టంలో ఉంది. 342వ అధికరణ ప్రకారం ఎస్టీ జాబితాను మార్చే అధికారం పార్లమెంటుదే. గుజరాత్ ప్రభుత్వం సిఫార్సు చేయాలి, కేంద్రం బిల్లు పెట్టాలి. అర్హతపై అధ్యయనం జరగాలి, జాబితాలో ఇప్పటికే ఉన్న తెగల అభ్యంతరాలు వినాలి. భరూచ్, సూరత్ సిద్దీలు సౌరాష్ట్ర సిద్దీలకు భిన్నమైన జాతి అని తేలితే ఆ మాట చెప్పాలి. తేలకపోతే బ్రాకెట్‌ను ఉంచడానికి కారణం చెప్పాలి.

నవాబుల సచిన్ నేడు పారిశ్రామిక వాడ. వజ్రాభరణాలు తయారుచేసే ప్రత్యేక ఆర్థిక మండలి అక్కడే ఉంది. ఆఫ్రికా గనుల్లో పుట్టిన ముడిరాళ్లు సూరత్ కార్మికుల సాన మీద మెరుగు పట్టి ప్రపంచ విపణికి వెళుతున్నాయి. ఆ ముడిరాళ్లు దేశం దాటేటప్పుడు సరుకు వెంట ధ్రువపత్రం ఉంటుంది. సూరత్ సిద్దీ కుటుంబం అడుగుతున్నదీ అలాంటి పత్రమే.