చికాకోల్ సర్కారు, కారు లీజు

కారు లీజుకి తీసుకోవాలా, కొనాలా అని ఆలోచిస్తున్న రైతన్నలకి మన చరిత్రలోదే ఒక ముక్క.

మన కళింగపట్నం ఒకప్పుడు చికాకోల్ సర్కారులోది. చికాకోల్ అంటే శ్రీకాకుళమే. 1766లో నిజాం ఈ సర్కారుతో పాటు మరికొన్నింటిని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు, ఏటా పేష్కష్ కట్టాలన్న షరతుతో. శిస్తు వసూలు కంపెనీదే, అయినా నిజాం పద్దు తీరలేదు. 1823లో ఒకేసారి సొమ్ము చెల్లించి ఆ పద్దు తెంచుకుంది.

లీజు కారూ అంతే. నెలనెలా కట్టినా బండి ఇచ్చినోడిదే, గడువయ్యాక అప్పజెప్పాలి. కంపెనీకి శిస్తు వచ్చేది, కౌలు రైతుకి పంటొస్తుంది. సొంత కారుకి ఏమొస్తుంది? పైగా మనకి డబ్బు కోతలప్పుడే, వాయిదా మాత్రం నెలనెలా.

కిరాయికి తిప్పి సంపాదించేవాళ్ళు లీజు చూడొచ్చు. కిలోమీటర్ల హద్దు, బీమా ఎవరిది, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి, ఇవి కాగితంలో చదివి, వాయిదాలన్నీ కూడాకే సంతకం పెట్టండి.