పాత ఛాయాపటములు: తీయవలసిన మరకలు, ఉంచవలసిన మచ్చలు

ఛాయాపటము తీయు విద్యను 1839లో ఫ్రాన్సు దేశమున లోకమునకు ప్రకటించిరి. ఆ మరుసటి యేడు, 1840లో, అమెరికను బాప్టిస్టు మిషనెరీ శామ్యూల్ డే గారు నెల్లూరు చేరిరి. ఈ రెండును మన తీరమున కలిసికొనుటకు కొంతకాలము పట్టినది. 1856లో మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడినది. తరువాతి తరములలో ఉపదేశుల, బైబిలు స్త్రీల, బోర్డింగు పిల్లల గుంపు ఫోటోలు తీయబడినవి. వాటిలో మిగిలినవే నేడు సంఘస్థుల గోడలమీదను, ట్రంకుపెట్టెలలోను ఉన్నవి.

వీటికి మన సముద్రపు గాలియే మొదటి శత్రువు. 19వ శతాబ్దపు పటములలో అనేకము కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై ముద్రింపబడినవి. చెమ్మకు వెండితో ఏర్పడిన చిత్రము వెలిసిపోవును, తెల్లసొన పసుపుబారును, బూజు గోధుమరంగు చుక్కలు పెట్టును. 1984 నవంబరు శ్రీహరికోట తుపానులోను, 1989 నవంబరు కావలి తుపానులోను ఇండ్లతోపాటు ఆల్బములును తడిసినవి.

ఇప్పుడు శతవార్షికోత్సవములకు ఈ పటములను కంప్యూటరులో బాగుచేయించుట వాడుకయైనది. మంచిదే. స్కాను చేసిన పటములో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు పొరలుండును. పసుపు మరక నీలపు పొరలో నల్లగా కనబడును, ఎరుపు పొరలో దాదాపు కనబడదు. కనుక నలుపు తెలుపు పటమునకు ఎరుపు పొరను మాత్రమే తీసికొన్నచో మరక చాలవరకు తొలగును. చిత్రమే గోధుమ వన్నెకు తిరిగియున్నచో ఆ పొరలో అదియు పలుచబడును. అప్పుడు ఆకుపచ్చ పొర మేలు.

చిక్కు ముఖములయొద్ద వచ్చును. స్వయంచాలక పనిముట్లకు మరకయు మచ్చయు ఒక్కటే. మన దేశము మశూచినుండి విముక్తమైనట్లు 1977లో ప్రకటింపబడినది. అంతకుముందు ఆ మచ్చలు మోసిన ముఖములు మన పెద్దలలో అనేకము. యంత్రము వాటిని తుడిచి, ముఖమును నున్నగా చేసి ఇచ్చును. చూచుటకు ముచ్చటగానే యుండును, గాని ఆ అవ్వను మనుమరాలు కూడ గుర్తుపట్టలేదు. మిషను పటముల క్రింద దొరగారి పేరు తరచుగా వ్రాసియుండును. ప్రక్కన నిలిచిన బైబిలు స్త్రీ పేరుండదు. ఆమెను గూర్చి మిగిలిన సాక్ష్యము ఆ ముఖమే.

రంగుల సంగతియు అట్టిదే. 1970వ దశకపు రంగుఫోటోలలో నీలిఆకుపచ్చ వర్ణము ముందుగా క్షీణించి పటము ఎర్రబారినది. దానిని సరిచేయుటకు పటములోని తెలుపును ఆధారము చేసికొందురు. కాని మన చాకిరేవు తెలుపులో నీలిమందు కలదని మరువరాదు! దానిని స్వచ్ఛమైన తెలుపని ఎంచినచో మిగిలినదంతయు పచ్చబడును. పటములోని చీర ఇంకను పెట్టెలో నున్నచో దానితో పోల్చుట ఉత్తమము.

నలుపు తెలుపు పటములకు క్రొత్తగా రంగులద్దుట మాత్రము మాకు రుచింపదు. తొలినాటి ఫోటో పలకలు ఎరుపును గ్రహింపలేదు. ఎర్రచీర నల్లగాను, లేతనీలము తెల్లగాను పడినవి. మనవారి చామనచాయ ముఖములు ఉన్నదానికంటె నల్లగా వచ్చినవి. ఆ ఛాయలను చూచి యంత్రము ఊహించు రంగు వట్టి ఊహయే.

కావున పటము ఇచ్చునప్పుడు, ఏమియు దిద్దని స్కానును వేరుగా అడిగి తీసికొనుడి. వెనుకవైపును కూడ స్కాను చేయించుడి. స్టూడియో ముద్ర, పెన్సిలుతో వ్రాసిన పేర్లు, తేదీలు అక్కడనే యుండును.